ఎత్తి తాగిన సాయంత్రం

ఆ శుక్రవారం ఉదయం ఉప్మా తింటూ ద్వారకానాథ్ ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రం భార్యని జాకరాండా లౌంజ్‌కి తీసుకెళ్ళాలి, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాలి, పియానో వినిపించాలి, ఆవిడ మనసు కాస్త కుదుటపడ్డాక తాను చెప్పదలుచుకున్నది చెప్పెయ్యాలి. నిర్ణయాలు తీసుకోవడంలో ద్వారకానాథ్‌కి ఏనాడూ ఇబ్బంది లేదు. వాటిని భార్య ఎదుట నోరు తెరిచి చెప్పడంలోనే వస్తుంది చిక్కంతా.

సిడ్నీలో, వెస్ట్‌మీడ్ ఆస్పత్రికి దగ్గరగా ఒక అద్దె ఫ్లాట్‌లో వాళ్ళ కాపురం. అతను ఆస్పత్రి ల్యాబులో సైంటిస్టు. పిల్లలు భార్గవ్, లాస్య ఇద్దరూ తెలుగులో వింటారు, ఇంగ్లీషులో జవాబిస్తారు. శేషుకుమారి మాత్రం ఈ మధ్య ఎవరికీ ఏ భాషలోనూ పెద్దగా జవాబివ్వడం లేదు. డిసెంబరులో బడులు మూసెయ్యగానే పిల్లల్ని తీసుకుని కాకినాడ వెళ్ళిపోతానని, మళ్ళీ రానని తేల్చి చెప్పేసింది. కోపంగా చెప్పి ఉంటే బతిమాలుకునేవాడు. ఆవిడ బియ్యం కడుగుతూ, కూరలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. 

"అక్కడ వీధిలో ఎవరింట్లో ఆవకాయ కలిపినా ముందు నన్నే పిలిచి రుచి చూడమనేవారండీ. చీర కొంటే రంగు ఆగుతుందా అని నాకే చూపించేవారు. ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు," అంది.

"నేను అడుగుతాను కదా," అన్నాడు ద్వారకానాథ్.

"మీరు సాక్సు ఎక్కడున్నాయని అడుగుతారు."

ఆ క్షణాన అతనికి నిజంగానే సాక్సు కనబడడం లేదు.

ఇక లౌంజ్ సంగతి. కూరలకని పక్క పేట పారమట్టా వెళ్ళినప్పుడల్లా ద్వారకానాథ్ ఖరీదైన ఆ బారు ముందు కాసేపు నిలబడిపోయేవాడు. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, లోపల తేనెరంగు దీపాలు, నల్లటి పియానో, ఎవరికీ ఏ తొందరా లేనట్టు మెల్లగా మాట్లాడుకునే జనం. గుమ్మం పక్కన జాకరాండా చెట్టు. నవంబరు వచ్చిందంటే దాని ఊదాపూలు రాలి కాలిబాటంతా పరుచుకునేవి. రెండు చేతుల్లో వంకాయలు, అరటికాయలు పట్టుకుని ద్వారకానాథ్ ఆ కిటికీలోకి చూస్తూ, ఓ మూల బల్ల దగ్గర తననీ శేషుకుమారినీ కూర్చోబెట్టుకునేవాడు. అక్కడి శేషుకుమారి నవ్వుతూ ఉండేది. అక్కడి ద్వారకానాథ్ తడబడకుండా మాట్లాడేవాడు. ఆ ఇద్దరినీ వదిలి బస్సెక్కడానికి ఇక్కడి ద్వారకానాథ్‌కి మనసొప్పేది కాదు.

అలాంటి చోటికి టై లేకుండా రానివ్వరేమోనని ఇన్నాళ్ళూ జంకాడు. పై ఫ్లాట్‌లో ఉండే నర్సు లలితకుమారి ఆంటీ ఆ భయం పోగొట్టింది. అక్కడికి ఎవరైనా వెళ్ళొచ్చట, టై అక్కర్లేదట, తాగనివాళ్ళకి పళ్ళరసం కూడా అంతే మర్యాదగా తెచ్చి ఇస్తారట. సాయంత్రం పిల్లల్ని తను చూసుకుంటానని కూడా ఆవిడే అంది.

మధ్యాహ్నం ల్యాబు నుంచే ద్వారకానాథ్ లౌంజ్‌కి ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది ఆ లౌంజ్ యజమానురాలు కరోలిన్. ద్వారకానాథ్ తనకున్న ఇంగ్లీషులోకెల్లా మర్యాదైన ఇంగ్లీషు బయటికి తీసి, కిటికీ పక్క బల్ల ఒకటి కావాలన్నాడు. తన భార్యకి పట్టింపులు ఎక్కువని, ఆవిడ ఇప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చేసిందని, ఈ సాయంత్రం సరిగ్గా జరిగితేనే దాన్ని మార్చుకోవచ్చని, కనుక మీరు కాస్త శ్రద్ధ తీసుకోవాలని వేడుకున్నాడు. ఫోన్ పెట్టేశాక, మొత్తానికి విషయం చక్కగా విడమర్చి చెప్పానని సంతోషపడ్డాడు.

పాపం, అక్కడే కొంప మునిగింది. ఒక పెద్ద పత్రిక తరఫున ఎవరో వైన్ నిపుణులు చెప్పాపెట్టకుండా ఆ వారంలోనే వస్తారని కరోలిన్ చెవిన పడి ఉంది. వాళ్ళు నాలుగు మంచి ముక్కలు రాస్తే లౌంజ్ కళకళలాడుతుంది, నాలుగు చెడ్డ ముక్కలు రాస్తే తలుపులు మూసుకోవాల్సిందే. ఇప్పుడెవరో ఫోన్ చేసి, పట్టింపులున్న ఒకావిడ వస్తోందని, ఆవిడ అభిప్రాయం ఇంకా మారవచ్చని చెబితే కరోలిన్ ఏమనుకోవాలి? భార్య అన్నాడు సరే, మారుపేర్లతో తిరిగేవాళ్ళు ఏ వరసైనా కలుపుకుంటారు. ఆవిడ ఫోన్ పెట్టేసి తలనొప్పి మాత్ర వేసుకుంది.

సాయంత్రం బయటికి వెళ్దామంటే శేషుకుమారి, "ఎవరింటికి?" అనడిగింది.

"ఎవరింటికీ కాదు శేషూ. ఊరికే కాసేపు కూర్చుని వద్దాం."

"కూర్చోడానికి మనింట్లో కుర్చీలు లేవా?"

అయినా బయల్దేరింది. ఆకుపచ్చ ఉప్పాడ చీర కట్టుకుంది, బొట్టు దిద్దుకుంది. వెళ్ళిపోయే మనిషికి చివరి రోజుల్లో ఉండే ఓర్పేదో ఆవిడ ముఖంలో కనిపించి ద్వారకానాథ్‌కి దిగులేసింది.

లౌంజ్‌లో అడుగుపెట్టేసరికి ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. కిటికీల్లోంచి వాలుగా పడుతున్న వెలుతురులో గ్లాసులు, సీసాలు, మనుషుల వేళ్ళు అన్నీ బంగారు రంగులో మెరుస్తున్నాయి. పియానో ఆయన ఎవరికీ వినిపించకూడదనుకున్నట్టు వాయిస్తున్నాడు. ద్వారకానాథ్ ఊహించుకున్న మూల బల్ల దగ్గరే వాళ్ళని కూర్చోబెట్టారు. అతనికి ఒళ్ళు పులకరించింది. చెప్పాల్సింది లోపల ఒక్కసారి తిరగేసుకున్నాడు. ల్యాబులో రాబోయే ప్రమోషను, పిల్లల చదువు, సొంత ఇల్లు, ఆ ఇంటి వెనకాల ఆవిడ కోసం కరివేపాకు మొక్క. మొత్తం బాగానే వచ్చింది.

"శేషూ, నేను నీతో ఒక మాట..." అని మొదలుపెట్టాడు.

అప్పుడే నల్ల చొక్కా వెయిటరు మంచినీళ్ళ గ్లాసులు తెచ్చిపెట్టాడు. శేషుకుమారి తన గ్లాసెత్తి, కిటికీ వెలుతురులో పట్టుకుని, చుట్టూ తిప్పి చూసింది. కాకినాడలో పెళ్ళివారిచ్చిన గ్లాసైనా సరే, ముందు అలా చూడనిదే ఆవిడ ముట్టదు. అంచు మీద ఎవరిదో లిప్‌స్టిక్ రంగు లేశమంత కనిపించింది. గ్లాసుని రెండు వేళ్ళతో వెయిటరు వైపు జరిపింది. బారు వెనక నిలబడి ఇదంతా చూస్తున్న కరోలిన్ బారు చెక్కని గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత శేషుకుమారి అడిగిన నారింజరసం వచ్చింది. కాక్‌టెయిల్ గ్లాసులో, పైన కాగితం గొడుగుతో, చెర్రీ పండుతో వచ్చింది. చెర్రీ పక్కన పెట్టి, గొడుగు తీసి లాస్య కోసం చేతిసంచీలో వేసుకుంది. తర్వాత గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చింది. ఇందులో వీళ్ళు మందేమైనా కలిపారేమోనని ఆవిడ అనుమానం. ఆ పైన మెల్లగా గుండ్రంగా తిప్పింది. అడుగున పండు గుజ్జు ఉందా, లేక రంగునీళ్ళా అని చూడడానికి. ఉంది. తృప్తిగా తలాడించింది.

అప్పుడు జరిగింది అసలు సంగతి. శేషుకుమారి పుట్టి బుద్ధెరిగాక పరాయిచోట గ్లాసుని పెదవికి తగిలించి ఎరగదు. పదిమంది నోళ్ళు తగిలిన గ్లాసు ఎంత కడిగినా ఎంగిలేనని వాళ్ళ అమ్మమ్మ నేర్పింది. అందుకని ఆవిడ అలవాటు ప్రకారం తల వెనక్కి వాల్చి, గ్లాసుని జానెడెత్తులో పట్టుకుని వంచింది. ఆ గ్లాసు గరాటులా ఉంది కదా, సన్నటి బంగారు తీగలా ధార దిగింది. చుక్క ఒలకలేదు, గుటక చప్పుడు లేదు. గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, కొంగుతో పెదవులు అద్దుకుంది.

పియానో ఆగింది. పక్క బల్లల వాళ్ళు మాటలు ఆపేశారు. కరోలిన్‌కి ఇక అనుమానం లేకపోయింది. వెలుతురులో గ్లాసు చూసింది, తిప్పింది, వాసన చూసింది, ఆ పైన పానీయానికి గాలి బాగా తగలాలని అంత ఎత్తు నుంచి పోసుకుంది. ఈవిడ కాక ఇంకెవరు నిపుణురాలు? ఏ దేశంలో నేర్చుకుందో గానీ ఎంత పనితనం! కరోలిన్ తన దగ్గరున్న వాటిలో మంచి ఎర్ర వైన్, పేరున్న హంటర్ వ్యాలీ తోటలది, స్వయంగా తెచ్చి ఇద్దరి ముందూ పోసి, ఇది మా తరఫున అని చెప్పి, ఊపిరి బిగబట్టి వెనక్కి వెళ్ళింది.

శేషుకుమారి వాసన చూసింది. ముఖం చిట్లించి గ్లాసు పక్కకి నెట్టేసింది.

ద్వారకానాథ్‌కి ప్రాణం మీదికొచ్చింది. అతని దృష్టిలో కరోలిన్ ఆ ఇంటి ఇల్లాలు. ఇల్లాలు తన చేత్తో తెచ్చిపెట్టింది ముట్టుకోకపోతే ఎంత నొచ్చుకుంటుంది! విస్తట్లో వడ్డించింది వదిలెయ్యడం అతని ఇంటా వంటా లేదు. ఇంతకు ముందు ఎప్పుడో ల్యాబువాళ్ళ బార్బెక్యూ విందులో ఒక్క బీరు తాగి, కూర్చున్న కుర్చీలోనే నిద్రపోయిన చరిత్ర అతనిది. అయినా మర్యాద మర్యాదే కనుక, తన గ్లాసూ భార్య గ్లాసూ రెండూ మందు మింగినట్టు మింగేశాడు.

నిపుణురాలు ముఖం చిట్లించడం చూసిన కరోలిన్ ఇంతకన్నా మంచి సీసా తీసింది. శేషుకుమారి దాన్నీ వాసన చూసి పక్కకి నెట్టింది. ద్వారకానాథ్ దాన్నీ మర్యాదకి అప్పజెప్పాడు. తర్వాత తెల్ల వైన్ వచ్చింది. ఆ తర్వాత ఏదో తియ్యటిది చిన్న గ్లాసులో వచ్చింది. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య అతను "శేషూ, నేను నీతో ఒక మాట" అనడం, ఇంకో గ్లాసు రావడం, ఇంతే. క్రమంగా అతని చెవులు వెచ్చబడ్డాయి. దీపాల చుట్టూ దూది పరిచినట్టు వెలుగు మెత్తబడింది. తన కాళ్ళు ఎక్కడున్నాయో తెలియడం లేదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"మీరు ఎందుకండీ అవన్నీ తాగుతున్నారు?" అంది శేషుకుమారి.

"పారబోస్తే పాపం," అన్నాడతను ఎంతో గంభీరంగా.

ఈలోగా గది ఊరుకోలేదు. అద్భుతమేదో జరుగుతోందని గ్రహించిన పక్క బల్ల పెద్దమనిషి, తెల్ల చొక్కా, టై, తను కూడా తల వాల్చి ఎర్ర వైన్‌ని ఎత్తి పోసుకున్నాడు. నోట్లోకి వెళ్ళింది తక్కువ, టై మీదికి వెళ్ళింది ఎక్కువ. అతని భార్య పడీపడీ నవ్వి, తనూ ప్రయత్నించి ముక్కులో పోసుకుంది. వెనక బల్లవాళ్ళు లేచి వచ్చారు. క్షణాల్లో గదిలో సగం మంది తలలు పైకప్పుకేసి తిరిగాయి. దగ్గులు, తుమ్ములు, తడిసిన చొక్కాలు. ఇంత జరుగుతున్నా ఎవరికీ కోపం లేదు, అదే విచిత్రం. పియానో ఆయన కూడా ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో గ్లాసెత్తాడు.

తప్పుగా జరుగుతున్న పనిని చూస్తూ కూర్చోవడం శేషుకుమారి వల్ల కాదు. కాసేపు తమాయించుకుంది. టై పెద్దమనిషి మూడోసారి కూడా నోరు మూసి గుటక వేయబోవడం చూసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచి వెళ్ళింది.

"నో టచింగ్. నెక్ బ్యాక్. డోంట్ క్లోజ్ ద మౌత్," అంది ఆయన గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తుతూ. "మింగుతూనే ఉండాలి, అంతే. స్లోలీ, బాబూ."

ఈసారి ధార సరిగ్గా లోపలికి దిగింది. గదంతా చప్పట్లు కొట్టింది. నాకు నేర్పండంటే నాకు నేర్పండని జనం ఆవిడ చుట్టూ మూగారు. శేషుకుమారి ఒక్కొక్కళ్ళ మెడలూ సరిచేస్తూ బల్ల నుంచి బల్లకి వెళ్ళింది.

కరోలిన్‌కి ఇక ఓపిక నశించింది. నిపుణురాలు అందరికీ పాఠం చెబుతోంది, తన వైన్ మాత్రం ఒక్క చుక్క ముట్టలేదు. ఆవిడ దగ్గరికి వెళ్ళి, రాసేదేదో రాద్దురుగానీ, ముందు నిజం చెప్పండి, మా దాంట్లో లోపం ఏమిటి అని కళ్ళనీళ్ళు తిరుగుతుండగా అడిగింది.

ఈ దేశం వచ్చాక ఇంత ఆదుర్దాగా తన అభిప్రాయం కోసం ఎదురుచూసిన ముఖం శేషుకుమారికి ఇదే మొదటిది. ఆవిడ గొంతులోకి పాత శేషుకుమారి వచ్చేసింది.

"వైన్ సంగతి నాకు తెలీదు. ఐ డోంట్ డ్రింక్. కానీ మీ గ్లాసులన్నీ తడిగుడ్డ వాసన, అమ్మా. ఆరని గుడ్డతో తుడుస్తున్నారు."

కరోలిన్ అలమరలోంచి ఒక ఖాళీ గ్లాసు తీసి వాసన చూసింది. ఇంకోటి చూసింది. కొన్ని నెలలుగా జనం సగం తాగి వదిలి వెళ్ళిపోతుంటే ఆవిడ సీసాలు అమ్మేవాణ్ణి మార్చింది, సీసాలు మార్చింది, చివరికి పియానో ఆయన్ని కూడా మార్చింది. గుడ్డలు మార్చాలని ఎవరికీ తట్టలేదు. ఆవిడ శేషుకుమారి చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకుపోయింది.

ద్వారకానాథ్ కిటికీ పక్కన ఒంటరిగా మిగిలాడు. బయట పొద్దు వాలింది. ఊదాపూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి, రాలి కిందపడకుండా గాల్లోనే ఉండిపోతున్నట్టు అతనికి అనిపించింది. పియానో పాట ఎక్కడో దూరంగా, నీళ్ళ అవతలి నుంచి వస్తున్నట్టుంది. అప్పుడు వెనక గదిలోంచి శేషుకుమారి నవ్వు వినిపించింది. గొంతు విప్పి, ఆపుకోలేక నవ్వే నవ్వు. ఆ నవ్వు అతను కాకినాడలో విన్నాడు. మళ్ళీ వినలేదు. మత్తులో ఉన్న ద్వారకానాథ్‌కి ఆ నవ్వు కాకినాడ నుంచే వస్తోందనిపించింది. కళ్ళ ముందు వాళ్ళ వీధి పరుచుకుంది. సాయంత్రం సముద్రపు గాలి, వేగుతున్న కాజాల వాసన, ఎదురింటి రేడియో, అరుగు మీద ఆవిడ చుట్టూ చేరిన ఆడవాళ్ళు. అంత బాగున్న చోటి నుంచి ఆమెని తీసుకొచ్చి ఫ్లాట్‌లో కూర్చోబెట్టింది నేనే కదా అనుకున్నాడు. అతని గుండె నీరైపోయింది.

వెనక గదిలో నవ్వుకి కారణం వేరు. మీరు ఏ పత్రికకి రాస్తారని కరోలిన్ అడిగింది. నేనేమీ రాయను, బయట కూర్చున్నాయన భార్యని అని శేషుకుమారి చెప్పింది. కరోలిన్ గోడ పట్టుకుని నవ్వింది, ఆవిడని చూసి శేషుకుమారి నవ్వింది. నవ్వడం అయ్యాక కరోలిన్ కళ్ళు తుడుచుకుని ఇంకో మాట అడిగింది. దానికి శేషుకుమారి ఆలోచించడానికి కూడా ఆగకుండా సరేనంది.

బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఎదురుగా కూర్చుని, "ఇందాకట్నుంచి ఏదో చెప్పాలంటున్నారు. ఇప్పుడు చెప్పండి," అంది.

ద్వారకానాథ్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక పదిమందిలో అలా పట్టుకోవడం అదే మొదలు. ప్రమోషను, చదువులు, ఇల్లు, కరివేపాకు మొక్క ఏవీ గుర్తు లేవు. గుండెలో ఉన్నది మాత్రం చక్కగా, ఒక్క తడబాటు లేకుండా బయటికొచ్చింది.

"మనం వెళ్ళిపోదాం శేషూ. కాకినాడ వెళ్ళిపోదాం. నువ్వు లేకుండా నేనిక్కడ ఉండలేను. నువ్వు నవ్వకుండా అసలు ఉండలేను," అని ఏడ్చేశాడు.

శేషుకుమారి కళ్ళు కూడా చెమర్చాయి. ఆవిడ అతని చెయ్యి విడిపించుకోలేదు. కొంగుతో అతని కళ్ళు తుడిచింది, ముక్కు కూడా తుడిచింది. ఆ తర్వాత ఎంతో లాలనగా అంది.

"ఇప్పుడెలా కుదురుతుందండీ? సోమవారం నుంచి రమ్మన్నారు నన్ను. గ్లాసులు చూడాలి, ఆ వెయిటర్లకి పని నేర్పాలి. వాళ్ళకేమీ తెలీదు పాపం."

ద్వారకానాథ్ అర్థం కానట్టు చూశాడు. తను ఏ మాట చెప్పడానికి ఇక్కడికి వచ్చాడో, ఆ మాట భార్య నోట వింటున్నాడని, తాను ఆవిడ మాట అందుకున్నానని అతనికి లీలగా తెలుస్తోంది. ఎక్కడ తిరగబడిందో మాత్రం అంతుపట్టలేదు. భార్య భుజం ఆసరాతో, ఊదాపూల మీద అడుగులు తడుముకుంటూ టాక్సీ దాకా నడిచాడు.

పత్రిక మనిషి ఆ తర్వాతి వారం నిజంగానే వచ్చాడట. గదిలో అందరూ పైకప్పుకేసి చూస్తూ తాగుతుండడంతో అతను వచ్చిందీ వెళ్ళిందీ ఎవరూ గమనించలేదు. చుట్టుపక్కల ఇంత ఆనందంగా తడిసిన జనాన్ని ఇంకెక్కడా చూడలేదని రాశాడు. అప్పటినుంచి ఆ లౌంజ్‌లో కిటికీ పక్క బల్ల దొరకడం కష్టమైపోయింది.

శేషుకుమారి కాకినాడ వెళ్ళలేదు. తర్వాతి ఏడాది సొంత ఇల్లు కూడా కొనుక్కున్నారు. సాయంత్రాలు ఇంటికి ఎవరొచ్చినా ద్వారకానాథ్ సోఫాలో వెనక్కి వాలి, భార్యకి నచ్చజెప్పి ఈ దేశంలో ఉండేలా ఒప్పించింది తానేనని చెబుతాడు. శేషుకుమారి ఎన్నడూ కాదనలేదు, ఆ వేళకి ఆవిడ ఇంట్లో ఉండదు.